ఇంటిపేరు లేని కార్డు

మొన్న ఇక్కడ అమెరికాలో, మేముండే షాంటిలీలో, ఇండియన్ స్టోర్‌కి కరివేపాకు కోసం వెళ్లాను. పార్కింగ్ వెనక ఎప్పుడూ పొదలు కమ్ముకుని ఉండే జాగా బాగుచేసి, లోపల బయటపడ్డ నాలుగు సమాధిరాళ్ల చుట్టూ కంచె వేస్తున్నారు. పెద్ద రాయి మీది అరిగిన అక్షరాలు కూడబలుక్కుని చదివితే రైతు, మిలిషియా (అంటే ఊరి పటాలం) సైనికుడు అని తేలింది. పైనున్న పేరు చూసి సంచీతో సహా అక్కడే నిలబడిపోయాను. నేను పుట్టడానికి ఎన్నో తరాల ముందు పోయిన ఆ మనిషి గురించి నాకు తెలిసినంత, మా సొంత పెదనాన్న గురించి కూడా తెలియదు.

ఈ దేశం వచ్చిన కొత్తలో నాకు దొరికిన మొదటి ఉద్యోగం కౌంటీ ఆఫీసు నేలమాళిగలో. పాత కోర్టు పుస్తకాలు చదివి, కనిపించిన ప్రతి మనిషికీ ఒక కార్డు టైపు చెయ్యాలి. ముందు ఇంటిపేరు, తరవాత పేరు, ఆపైన పుస్తకం, పేజీ. ఇంటిపేరు ముందు రాయడం మనకి అలవాటే కనక సులువనుకున్నాను గాని, ఆ గొలుసుకట్టు రాత చదవడానికి తలప్రాణం తోకకొచ్చింది. పక్క బల్ల దగ్గర కూర్చునే పెద్దావిడ, ఒకసారి మా మాగాయ రుచి చూసి కారానికి కళ్లనీళ్లు పెట్టుకున్న అమెరికన్ ఆవిడ, ఒక్కొక్క అక్షరం ఓపిగ్గా నేర్పింది.

అలా మొదటిసారి తడుముకోకుండా చదివిన పేజీలోనే ఆ రైతు కనిపించాడు. మిలిషియా కవాతుకి ఎందుకు రాలేదని కోర్టులో అడిగితే, ఇంట్లో భార్యకి నొప్పులు వస్తున్నాయని చెప్పుకున్నాడు. ఆడపిల్లా, మగపిల్లాడా? వారపత్రికలో సీరియల్ కోసం కాచుకున్నట్టు ఆయన కోసం పేజీలు తిప్పాను. పొగాకు, మొక్కజొన్న పండించేవాడు. స్వాతంత్ర్యం కోసం ఇంగ్లీషువాళ్లతో యుద్ధం వచ్చినప్పుడు రెండుసార్లు, రెండూ కోతల రోజుల్లోనే, తుపాకీ భుజాన వేసుకుని వెళ్లాడు. రెండోసారి కుంటుతూ తిరిగొచ్చాడు. మొత్తం ఏడుగురు పిల్లలు. వీలునామాలో భార్యకి ఇల్లు, పెద్దకొడుకుకి జీను, పెద్దకూతురికి రాట్నం రాశాడు. దాని కిందే, అదే వరసలో, హాన్నా అనే స్త్రీని చిన్నకూతురికి ఇస్తున్నట్టు రాశాడు. అంతవరకు ఆ మనిషి మీద పెంచుకున్న ఆపేక్ష ఆ పంక్తి దగ్గర ఆగిపోయింది.

ఆయన పోయిన చాలాకాలానికి, ముసలిదైన భార్య సైనికుడి పింఛను కోసం కోర్టుకి వచ్చింది. పెళ్లయిందనడానికి రుజువు తెమ్మన్నారు. సరిగ్గా ఆ రోజుల్లోనే మేమూ గ్రీన్ కార్డు కోసం శుభలేఖ తప్ప మరో కాగితం లేక, పెళ్లి చూసినవాళ్లచేత అఫిడవిట్లు రాయించమని మామగారికి ఉత్తరాలు రాస్తున్నాం. ఆవిడ ఏం చేసిందో తెలుసుకోవాలని నా ఆత్రం. పెళ్లి చూసినవాళ్లలో బతికున్నది హాన్నా ఒక్కతేననీ, తన ఏడు కాన్పులూ ఆమె చేతి మీదుగానే జరిగాయనీ, బానిస కనక ఆమె ప్రమాణం కోర్టు పుచ్చుకోదనీ చెప్పింది. చివరికి పిల్లల పుట్టుకలు రాసుకున్న బైబిలు పేజీ చింపి ఇస్తే పింఛను వచ్చింది.

ఇక నేను కార్డులు టైపు చెయ్యాలి. రైతుకి, భార్యకి, ఏడుగురు పిల్లలకి చేశాను. హాన్నాకి? ఆమెకి పుస్తకాల్లో ఎక్కడా ఇంటిపేరే లేదు.

“ఇంటిపేరు లేకపోతే వదిలెయ్యాలమ్మా, రూల్ అంతే,” అంది పెద్దావిడ.

ఇంటికెళ్లి చెబితే మావారూ అదే మాట. “నీ జాబ్ ఇంకా టెంపరరీయే కదా, ఎందుకు రిస్క్ తీసుకుంటావ్? స్కిప్ చేసెయ్.”

మర్నాడు పొద్దున్నే వెళ్లి, ఇంటిపేరు ఉండవలసిన చోట హాన్నా అని కొట్టి, ఫలానా రైతు ఇంట ఏడు కాన్పులు చేసిన మంత్రసాని అని కింద రాసి కార్డుల సొరుగులో వేశాను. వారం తిరగకుండా పై అధికారి ఆ కార్డు పట్టుకొచ్చి ఎవరి పని అని అడిగాడు. నేను చెప్పేలోపే పెద్దావిడ తలెత్తకుండా, “నేనే చెయ్యమన్నాను,” అంది. రిటైర్ కాబోయే మనిషిని ఏమంటాడు? కార్డు తిరిగి సొరుగులోకి వెళ్లింది.

చాలా ఏళ్లకి, నేనూ ఆ ఆఫీసులో పాతబడ్డాక, ఒక నల్లజాతి టీచరుగారు వచ్చారు. వాళ్ల అమ్మమ్మ నోట విన్న రెండు పేర్లు, హాన్నాదీ ఆ రైతుదీ, పట్టుకుని మూడు కౌంటీలు తిరిగారట. సొరుగు లాగి చూపించాను. ఆవిడ కార్డు మీద వేలు పెట్టి చాలాసేపు తియ్యలేదు.

“ఇది ఎవరు టైపు చేశారు?”

“నేనేనండీ.”

“మీకు ఈవిడ ఏమవుతుంది?”

ఏమీ కాదన్నాను. అన్నాక నాకే వెలితిగా అనిపించింది.

ఇప్పుడు ఆ సొరుగులు లేవు. అన్నీ కంప్యూటర్లోకి ఎక్కించారు, ఆ రైతు మొక్కజొన్న వేసిన నేల మీద కూడా డేటా సెంటర్లనే కంప్యూటర్ల గోడౌన్లే లేచాయి. ఎవరికి కావలసిన పేరు వాళ్లు ఇంట్లో కూర్చుని కొడితే క్షణంలో వస్తుంది, మంచిదే. మూడు కౌంటీలు తిరిగే అవస్థ తప్పింది. అయితే మనం పేరు తెలిసి వెతికే మనుషులే దొరుకుతున్నారు. వెతకాలని కూడా మనకి తెలియని మనిషి, పేజీ తిప్పుతుంటే ఎదురుపడి నిలబడే ఆ రోజులు మాత్రం పోయాయి.