మూడుసార్లు చచ్చిన హీరోకి నా గొంతు

దగ్గరికి జరిగి కూర్చోండమ్మా, గుమ్మంలో నిలబడి వినే కథ కాదిది. ఫోను కాస్త పక్కన పెట్టండి. (మా చిన్నకోడలికీ రోజూ ఇదే చెబుతాను, వినదు. కాని ఈ కథ గుర్తొచ్చింది ఆ ఫోను వల్లే.) మొన్న చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తుంటే కోడలు ఫోనులో ఒక ఫ్రాన్సు నటుణ్ణి చూపించింది. జుట్టు నెరిసిన పెద్దమనిషి. వయసులో ఉండగా తెర మీద వేషాలు వేశాడట, తర్వాత పరాయి దేశాల హీరోలకి తమ భాషలో గొంతు ఇస్తూ వచ్చాడట. ఇప్పుడు ఆయన రొట్టెల కొట్టుకి వెళితే ముఖం ఎవరూ పోల్చుకోరు కాని, నోరు విప్పి రెండు రొట్టెలు అడిగితే చాలు, కొట్టంతా వెనక్కి తిరిగి చూస్తుందట. "అచ్ఛా, ఇలాటి నౌకరీ కూడా ఉంటాదా అత్తా?" అంది కోడలు. ఉండకేం? నేను చేశాను.

ఆ రోజుల్లో బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో వినాయక చవితికి మా తెలుగువాళ్ళ పందిట్లో నాటకం లేకపోతే పండగ జరిగినట్టే కాదు. చిక్కల్లా ఒక్కటే. వేషానికి పనికొచ్చే కుర్రాళ్ళందరూ ఇక్కడే పుట్టి హిందీ బళ్ళో చదివినవాళ్ళు. వాళ్ళు తెలుగు మాట్లాడితే వినాయకుడు కూడా చెవులు మూసుకుంటాడు. అందుకని మా వీధిలో ఒక పద్ధతి పెట్టుకున్నాం. అందమైనవాడు ముందు నిలబడి పెదవులు కదుపుతాడు, తెలుగు వచ్చినవాళ్ళు వెనక తెర చాటున మైకు ముందు కూర్చుని పలుకుతారు. నాటకం ఆడించేది గార్డు బాబాయి. ఆయన గార్డు డ్యూటీ చేసిన బండి నిమిషం ఆలస్యమైతే ఆ పూట అన్నం తినేవాడు కాదు. ఆ ఏడు హీరో, రైలింజన్ల షెడ్డులో కొత్తగా చేరిన కుర్రాడు. గోడకి తగిలించే బొమ్మలా ఉండేవాడని అందరం కేలండరు అనేవాళ్ళం. కేలండరుకి గొంతు నేను. పద్దెనిమిదేళ్ళ ఆడపిల్లనే అయినా నాది బొంగురు గొంతు. పైగా ఒక్కసారి వింటే చాలు, నాటకమంతా అప్పజెప్పేదాన్ని.

నాకు ఒక్కటే ఆశ, తెర ముందుకి రావాలని. బాబాయి మాట ఇచ్చాడు. "ఈ ఒక్క ఏడూ సాటు నుంచి పలికీయే అమ్మీ. నాటకం బాగా నడిసిందంటే వచ్చే ఏడు నీకే రాణీ ఏసం." ఇక చూడండి, బట్టలు ఉతుకుతూ రాణిలా తలెత్తి, అంట్లు తోముతూ రాణిలా తల తిప్పి, ఇంట్లో అందరి ప్రాణం తీశాను.

నాటకం రోజు పెద్ద ఆఫీసరు గారు వచ్చారు. ఆయనకి కట్నీ వైపు బండి ఉంది, తొందరగా వెళ్ళాలి. హీరో చచ్చిపోయే ముందు శత్రువుని తిట్టే పెద్ద ఉపన్యాసం ఒకటుంది. బాబాయి గడియారం చూసుకుని దాన్ని కోసేశాడు. కేలండరు చెవిలో హిందీలో చెప్పాడు, నా చేతికి ఒక చీటీ పంపాడు. నేను చీటీ విప్పి, పైనుంచి కిందికి చూసి, పెద్ద తెలిసినదానిలా తలూపి బొడ్లో దోపుకున్నాను.

ఇప్పుడు మీకు చెబుతున్నాను, అప్పటికి ఎవరికీ చెప్పలేదు. నాకు చదవడం రాదు. రెండో తరగతిలో తమ్ముళ్ళని ఎత్తుకోవడానికి బడి మానేశాను. తెలుగు అంత గలగలా పలికేదానికి అక్షరాలు రావని ఎవరికి తోస్తుంది?

కత్తిపోటుకి గుర్తుగా డప్పు మోగింది. కేలండరు కత్తిపోటు తిని దబ్బున పడి చచ్చిపోయాడు. నాకేం కనిపిస్తుంది, నా ముఖానికి ఎదురుగా ఉన్నది తెర వెనకవైపు. ఊపిరి పీల్చి అందుకున్నాను. "ఓరి ద్రోహీ! నా ఒంట్లో ఊపిరి ఉండగా ఈ కోట గడప తొక్కలేవు!" పందిరి గొల్లుమంది. మెచ్చుకుంటున్నారనుకుని గొంతు ఇంకా పెంచాను. పాపం కేలండరు ఏం చేస్తాడు, మోచేతి మీద లేచి పెదవులు కదిపాడు. నేను ఊపిరి కోసం ఆగగానే, అయిపోయిందనుకుని మళ్ళీ చచ్చిపోయాడు. నేను మళ్ళీ ఎత్తుకున్నాను, ఆయన మళ్ళీ లేచాడు. చివరికి నేను "అమ్మా" అన్నాక మూడోసారి ప్రాణం విడిచాడు. ముందు వరసలోంచి ఒక ముసలమ్మ కేకేసింది, "ఒరే, సచ్చినోణ్ణి సచ్చినట్టు ఉండనీరేట్రా!" ఆఫీసరు గారు కళ్ళు తుడుచుకుంటూ నవ్వి నవ్వి బండి సంగతే మర్చిపోయారు.

బాబాయి తెర వెనక్కి వచ్చాడు. "సీటీ అంపినాను కదే! సదవనేదేటి?"

కేలండరు కూడా వచ్చాడు. "అరే, మై తో మర్ గయా థా! ఎన్నిసార్లు బతికిస్తావ్?"

రాణి వేషం పోయినట్టేనని తెలుసు. తెల్లారితే కాలనీ అంతా నవ్వుతుందనీ తెలుసు. ఏదో ఒక అబద్ధం ఆడదామనుకున్నాను, కాని అంతసేపు తిరుగులేకుండా పలికిన గొంతుకి ఒక్క అబద్ధమూ అందలేదు. మెల్లగా అన్నాను. "సదవడం రాదు బాబాయ్."

కేలండరు నా వంక చూసి, "నాకు కూడా తెలుగు చదవడం నహీ ఆతా," అన్నాడు. బాబాయి నెత్తి కొట్టుకున్నాడు. "ముకానికీ రాదు, గొంతుకీ రాదు. నాటకం ఆడించినోణ్ణి నన్ననాలి!" మర్నాడు సాయంత్రం ఇద్దర్నీ తన క్వార్టరు వరండాలో కూర్చోబెట్టి పలకలిచ్చాడు. నేను కోరి కోరి తిట్లు తిన్న బడి అదొక్కటే.

మాట తప్పకుండా మరుసటి ఏడు రాణి వేషం ఇచ్చాడు. కిరీటం పెట్టుకుని దీపాల ముందు నిలబడ్డాను. అంతమంది ముఖాలు! తెర చాటున సింహంలా గర్జించినదాన్ని, నోరు తెరిస్తే గాలి తప్ప ఏమీ రాలేదు. అప్పుడు వెనకనుంచి ఒక మగగొంతు, హిందీ యాసలో, నా మాటలు పలికింది. ఏడాదిపాటు నా పక్కన కూర్చుని దిద్దుకున్న తెలుగు మరి! రాణికి మగగొంతేమిటని మళ్ళీ పందిరంతా నవ్వులు. నేను మాత్రం తలెత్తి, అంట్లు తోముతూ నేర్చుకున్నట్టే, దర్జాగా పెదవులు కదిపాను.

ఫ్రాన్సు ఆయన ఎన్నో ఏళ్ళు తెర ముందుండి వెనక్కి వెళ్ళాడు, నాకు పది నిమిషాలు పట్టింది. తర్వాత మళ్ళీ తెర చాటున మైకు ముందు కూర్చుని ఎన్ని చవితులకి ఎంతమందిని బతికించానో, ఎంతమందిని చంపానో! ఇప్పటికీ దయాల్‌బంద్ బజారులో బేరమాడుతుంటే ఎవరో ఒకరు వెనక్కి తిరుగుతారు, "నువ్వు ఆ సచ్చిన ఈరోవి కదూ?" అని. ఆ కేలండరు మా ఇంటి గోడకే వచ్చి చేరింది లెండి. కోడలి మీద కోపమొస్తే ఆయన పెదవులు కదుపుతాడు, నేను పలుకుతాను. ఆ కిరీటం పెట్టుకున్న పిల్ల మాత్రం అప్పుడప్పుడు అద్దంలోంచి నన్ను చూసి, ఏదో అనబోయి ఊరుకుంటుంది. నవ్వొస్తుంది నాకు.

మీ ఇల్లు చల్లగా ఉండాలి తల్లీ. మాట పెగలని వేళ మీ వెనకనుంచి పలికే గొంతు ఒకటి మీ గడపలో ఎప్పుడూ ఉండాలి.