పన్నెండు గుంతల ట్రే

మొన్న ఒకాయన స్కూటర్ చక్రం ఊడదీసి నేను కింద కూర్చుంటే, ఆయన తీరిగ్గా నిలబడి నా దుకాణమంతా తనిఖీకి వచ్చిన అధికారిలా కలయజూసి, చివరికి నా మోకాలి పక్కనున్న ట్రే దగ్గర ఆగిపోయాడు. "ఏందన్నా గిది, ఇడ్లీలు సుత పోస్తవా?" అని అడిగాడు. ఆయన తప్పేం లేదు. పన్నెండు గుంతలున్న నల్లటి రేకు ట్రే అది. ఒక గుంతలో పది నంబరు నట్లు, ఒకదాంట్లో పన్నెండు నంబరువి, ఇంకోదాంట్లో వాషర్లు, మూలగుంతలో ఏ బండివో నాకే గుర్తులేక, పారేయడానికి మనసొప్పక దాచుకున్న స్క్రూలు. పోస్తాను గానీ చట్నీ ఎవరిది వాళ్ళే తెచ్చుకోవాలని చెప్పాను. ఆయన నవ్వాడు, చక్రం ఎక్కింది, వెళ్ళిపోయాడు. ట్రే మాత్రం నన్ను వదల్లేదు. స్క్రూలు పక్కకు పోసి గ్రీజు తుడిచి చూస్తే, ఆ మూలగుంత అంచున మాడిన మైదా ఇంకా పట్టుకునే ఉంది. దాని వయసు ఏడేళ్ళు.

మా ఇల్లు శంషాబాద్ పక్కన ఊళ్ళో, సరిగ్గా విమానాలు దిగే దారి కింద ఉంటుంది. ఎంత కిందికి వస్తాయంటే, మేడ మీద బట్టలు ఆరేసే మా ఆవిడ తల వంచుకుంటుంది. నాకైతే చక్రాలు స్పష్టంగా కనిపిస్తాయి. ఏ టైరు అరిగిందో చెప్పగలను గానీ వినడానికి ఎవడూ ఆగడు. ఈ మోతతో బతికి బతికి మా ఇంట్లో ఒక అలవాటు పుట్టింది. విమానం మీదికి రాగానే ఎవరి మాట అక్కడే ఆగుతుంది. నోరు తెరిచినవాళ్ళు తెరిచినట్టే ఉంటారు, తిట్టడానికి లేచిన చెయ్యి లేచినట్టే ఉంటుంది. మోత పోగానే, ఏ మాట దగ్గర ఆగామో ఆ తర్వాతి మాట నుంచి ఎత్తుకుంటాం. మా అమ్మ ఒకసారి మా వదినను సగం తిట్టి ఆగింది. విమానం పోయేసరికి మిగతా సగం మరిచిపోయింది. అప్పటి నుంచి మా వదిన విమానాలను గౌరవంగా చూస్తుంది.

నేను ఏడో తరగతిలో బడి మానేశాను. బడే నన్ను మానేసిందని మా సారు అనేవారు. ఆ విషయంలో మా ఇద్దరికీ ఇప్పటికీ మాట కలవలేదు. చదువు పోయినా నోరు మిగిలింది. పదిహేనో ఏట నుంచి బండ్ల మధ్యే పెరిగాను కాబట్టి ఇంట్లో పిల్లలకు కూడా బండి పేర్లే పెట్టాను. నా కూతురు పిలవకముందే అరుస్తుంది, అది హారన్. నా కొడుక్కి పన్నెండు నెలలూ ముక్కు కారుతుంది, వాడు లీకేజీ. అన్న కొడుకు కడుపు నిండిందని లేచి నిలబడి, ఇంకో ముద్ద పెడితే ఇంకో ముద్ద తింటాడు, వాడు రిజర్వు. అన్న చిన్న కూతురు ఎవరూ ఏమీ అనకుండానే ఏడుపు మొదలుపెడుతుంది, దాని పేరు సెల్ఫ్ స్టార్ట్. బడిలో వేరే పేర్లు ఉన్నాయంటారు, నేనెప్పుడూ వాడలేదు.

ఏడేళ్ళ కిందట ఎండాకాలంలో మా చెల్లె పెళ్ళి జరిగింది. బావది కందుకూరు వైపు ఊరు, వ్యవసాయం. ఆయన మొదటి భార్య జబ్బు చేసి పోయింది, ఎనిమిదేళ్ళ కూతురు ఉంది. సద్దుల బతుకమ్మకు ఆడబిడ్డ పుట్టింటికి రావాలి కదా, చెల్లె ఆ పిల్లను తీసుకొని వస్తానని ఫోన్ చేసింది. చెయ్యడమైతే అమ్మకు చేసింది గానీ, ఫోన్ నాకివ్వమంది. "అన్నా, నీ నోటికి జర తాళమెయ్యి. గా పిల్లకు నేనే ఇంకా కొత్త. మనింటి నుంచి ఏడ్చుకుంట పోయిందనుకో, వచ్చే బతుకమ్మకు నేను సుత రాను" అంది. మా చెల్లె చిన్నప్పటి నుంచి అన్న మాట మీద నిలబడే మనిషి. నేనేమో మాట మీద అస్సలు నిలబడని మనిషిని. అందుకే భయపడ్డాను.

పిల్ల వచ్చింది. సన్నగా, రెండు జడలతో, చంకలో బతుకమ్మ పేర్చే గునుగుపూల కట్ట పెట్టుకొని. మా వైపు చేలన్నీ ప్లాట్లయి గునుగు కంటికి కనబడడం మానేసింది కాబట్టి, మా అమ్మ పిల్ల కంటే ముందు ఆ కట్టనే దగ్గరికి తీసుకుంది. తర్వాత పిల్లను కూర్చోబెట్టుకొని ఏ తరగతి అని అడిగింది. పిల్ల జవాబు మొదలుపెట్టగానే విమానం వచ్చింది. మేమందరం ఆగాం. పాపం ఆ పిల్లకేం తెలుసు, చెప్పుకుంటూ పోయింది. పెదాలు కదిలాయి, ఒక్క ముక్క వినబడలేదు, మోత ఆగేసరికి చెప్పడం అయిపోయింది. హారన్ ఫక్కున నవ్వింది, దాన్ని చూసి మిగతా మూడూ నవ్వాయి. అంతే, ఆ పిల్ల నోరు మూసుకుంది. ఒక రోజంతా అవునంటే తల ఊపడం, కాదంటే తల ఊపడం. అత్త, మామ, అమ్మమ్మ అని ఏ వరుసా పెట్టి మమ్మల్ని పిలవలేదు. మా చెల్లె నా వైపు చూసిన చూపు ఉంది చూడండి, నవ్వింది నేను కాకపోయినా నేనే నవ్వినట్టుంది.

నేను నా వంతుగా మర్యాద మొదలుపెట్టాను. పిల్ల ఎదురైతే పక్కకు జరిగి "రా అమ్మా, కూర్చో అమ్మా, నీళ్ళు తాగుతవా అమ్మా" అనేవాణ్ణి. నా భార్య నుదురు పట్టి చూసింది, జ్వరమేమోనని.

ఇక కేకుల సంగతి. మండలంలో ఆడవాళ్ళకు మూడు రోజులు బేకరీ పని నేర్పితే మా ఆవిడ వెళ్ళొచ్చింది. నాలుగో రోజు చిన్న ఓవెనూ, ఈ ట్రే కొనుక్కొచ్చింది. పండగనాడు మా గల్లీలో బతుకమ్మ ఆడటానికి వచ్చే ఆడవాళ్ళందరి చేతుల్లో పులిహోర, పెరుగన్నం సద్దులతో పాటు తలా ఒక కప్పు కేకు పెట్టాలని ఆమె పట్టుదల. దాని మీద క్రీముతో బతుకమ్మ పూలు వెయ్యాలట. గల్లీలో ఎవరూ కనీవినీ ఎరగని పని. అమ్మ ఒక్కటే షరతు పెట్టింది, పండగపూట ఇంట్లో గుడ్డు పగలొద్దని. గుడ్డు బదులు పెరుగు, సోడా వేశారు. పిల్లలు ఐదుగురూ చేరారు. మైదా జల్లించమంటే లీకేజీ గట్టిగా తుమ్మాడు, వాణ్ణి క్షణంలో మార్చి కాగితం కప్పులు పేర్చే పనికి పెట్టాం. చక్కెర పొడి రిజర్వుకు అప్పగించడం మా ఆవిడ చేసిన పొరపాటు. మళ్ళీ పొడి కొట్టాల్సి వచ్చింది. క్రీము పిండటానికి దుకాణం నుంచి ఇంకా సీలు తియ్యని కొత్త గ్రీజు గన్ను తెచ్చి ఇస్తే, మెచ్చుకుంటారనుకున్నాను. మా ఆవిడ దాన్ని, నన్ను కలిపి వాకిట్లో పెట్టింది. చివరికి పాల ప్యాకెట్లు కడిగి మూల కత్తిరించి వాడారు.

మొదటి వాయి ఓవెన్లోకి వెళ్ళింది. గంట మోగేదాకా తలుపు తియ్యొద్దని మా ఆవిడ అందరికీ చెప్పి స్నానానికి పోయింది. మా అమ్మకు ఆ మాట పట్టలేదు. ఆమె జీవితంలో మూత తియ్యకుండా ఏ వంటా దిగలేదు. అన్నం మెతుకు పట్టి చూడాలి, పప్పు గరిటెతో లేపి చూడాలి. అందుకని నాలుగుసార్లు తలుపు తీసి చూసింది. ఐదోసారి వేలు పెట్టి నొక్కి చూసింది. గంట మోగేసరికి పన్నెండు కేకులూ నడుమ కూలబడ్డాయి, వర్షాకాలంలో మా సర్వీసు రోడ్డులాగా. మా ఆవిడ కూలిన కేకుల్ని అమ్మ ముందే ఒక్కొక్కటి లెక్కపెట్టి తీసి, ట్రే తుడిచి మళ్ళీ పిండి పోసింది.

అదే ట్రేలో రెండో వాయి లోపలికి పోయింది. అప్పుడు చూశాను, ఆ కందుకూరు పిల్ల పీట తెచ్చుకొని ఓవెను ముందు వేసుకొని కూర్చుంది. ఎవరూ చెప్పలేదు. రిజర్వు వాసన పట్టుకొని వస్తే చెయ్యి అడ్డం పెట్టింది. హారన్ వచ్చి అద్దంలోంచి చూస్తానంటే సరే చూడు అన్నట్టు తల ఊపింది గానీ హ్యాండిల్ మీద చెయ్యి పడనివ్వలేదు. కాసేపటికి మా అమ్మ కొంగు బొడ్లో దోపుకొని వచ్చింది. ఆ ఇంట్లో మా అమ్మ చేతికి అడ్డం పెట్టినవాళ్ళు అప్పటికి ఎవరూ పుట్టలేదు, మా నాన్నతో సహా. పిల్ల లేచి నిలబడి రెండు చేతులూ చాచింది. "గంట కొట్టేదాంక తియ్యద్దు" అంది. ఒకటిన్నర రోజుల తర్వాత అదే మొదటి మాట. మా అమ్మ ఆగిపోయింది. అటు చూసింది, ఇటు చూసింది, ఏదో మరిచిపోయినట్టు వెనక్కి తిరిగి గునుగుపూలు కత్తిరించుకోవడానికి పోయింది. గంట మోగింది. పన్నెండు కేకులూ బుగ్గల్లా పొంగి ఉన్నాయి.

నా నాలుక చివరికి ఒక పేరు వచ్చేసింది. వస్తే ఏం లాభం, తలుపు దగ్గర మా చెల్లె నిలబడి ఉంది. మింగేశాను. మాట మింగడం నాకు అలవాటు లేక పొలమారింది.

అలంకరణ మధ్యాహ్నం దాకా సాగింది. కూలబడ్డ కేకుల గుంతలు క్రీముతో పూడ్చేశారు, పైకి తేడా తెలియలేదు. తంగేడుపూల పసుపు రంగు కోసం సెల్ఫ్ స్టార్ట్ క్రీములో వంటపసుపు గుమ్మరించింది. కేకు వాసన కాస్తా పోపు వాసనయింది. గులాబీ రంగుకు బీట్‌రూట్ రసం. గునుగుపువ్వు ఎట్లా ఉంటుందో మా పిల్లలకు సరిగా తెలియదు, ఉత్త తెల్ల కుప్పలు పెట్టారు. ఆ పిల్ల కట్టలోంచి ఒక పువ్వు లాగి, కొసన ఉన్న గులాబీ రంగు వేలితో చూపించి, ప్యాకెట్ చేతిలోకి తీసుకొని తెల్ల క్రీమును పైకి సాగదీసి కొసకు బీట్‌రూట్ అద్దింది. హారన్ నోరు తెరిచి చూసి, తనకు కూడా నేర్పమంది. అడగడం కూడా మెల్లగా అడిగింది, ఆ ఇంట్లో అది అంతకంటే పెద్ద వింత.

పిల్లలకు ఎవరి కేకు వాళ్ళకు ఉండాలి, లేకపోతే యుద్ధాలవుతాయి. అందుకని మా ఆవిడ చాక్లెట్ కరిగించి ప్యాకెట్లో పోసి, ఎవరి పేరు వాళ్ళు రాసుకొమ్మంది. మావాళ్ళు నలుగురూ బడి పేరు రాస్తారేమో అనుకున్నాను. హారన్ హారన్ అనే రాసుకుంది, లీకేజీ లీకేజీ అనే రాసుకున్నాడు. రిజర్వు తన కేకు మీద అక్షరాలు పట్టక "రిజ" దాకా రాసి మిగతాది నాకేశాడు. సెల్ఫ్ స్టార్ట్‌కు అక్షరాలు రావు, ఒక గీత గీసి ఏడ్చింది. ప్యాకెట్ ఆ పిల్ల చేతికి వచ్చింది. పట్టుకొని కూర్చుంది. రాయదు, ఇవ్వదు. కళ్ళ నిండా నీళ్ళు ఊరడం కనిపించింది. మా చెల్లె రెండడుగులు ముందుకు వేసింది. ఇక అయిపోయింది, వచ్చే బతుకమ్మకు చెల్లె లేదు అనుకున్నాను. పక్కన కూర్చొని, నాకు చేతనైనంత మర్యాదగా, ఏమైంది అమ్మా అని అడిగాను.

"నాకు..." అంది. విమానం వచ్చింది.

ఆ పిల్ల ఆగింది. పెదాలు తెరిచినవి తెరిచినట్టే పెట్టి, పైకప్పు వైపు చూస్తూ, మా అందరిలాగే ఆగింది. మోత మా మీదుగా పోయి, వంటింటి గిన్నెలు కదిలి కుదుటపడ్డాక, ఆగిన దగ్గర నుంచే ఎత్తుకుంది.

"...పేరెందుకు పెట్టలేదు? అందర్నీ అంటవు. నన్నొక్కదాన్నే అమ్మా అమ్మా అంటవు."

నేను మా చెల్లె వైపు చూశాను. జన్మలో మొదటిసారి ఎవరినైనా నోరు విప్పడానికి అనుమతి అడిగాను. ఆమె కొంగుతో మూతి మూసుకొని తల ఊపింది. నవ్వో ఏడుపో నేను తేల్చుకోలేదు.

"హ్యాండ్ బ్రేకు" అన్నాను.

పిల్ల ఆలోచించింది. తొందరపడే రకం కాదు. "హారన్ కంటె పెద్దదా?" అని అడిగింది.

"హారన్ లేకున్నా బండి నడుస్తది బిడ్డా. గిది లేకుంటే ఎంత పెద్ద బండైనా లోయల పడ్తది. మా అమ్మను ఆపినవ్, ఇంకేం గావాలె?"

అప్పుడు రాయడం మొదలుపెట్టింది. పేరు ఒక కేకు మీద పట్టలేదు. ఒకదాని మీద "హ్యాండ్", ఇంకోదాని మీద "బ్రేకు" రాసి రెండూ తన ముందుకు లాక్కుంది. రెండెందుకని రిజర్వు పంచాయితీ పెట్టాడు. పేరు రెండు ముక్కలు, నేనేం జెయ్యాలె అంది. వాడు తన సగం పేరు కేకును వెనక్కి లాక్కున్నాడు. నాకు మాత్రం వయసుకు మించిన ఆనందం.

సాయంత్రం గల్లీలో బతుకమ్మలు దించి ఆడవాళ్ళు చుట్టూ తిరిగారు. ఐదుగురు పిల్లలూ తోకలా ఒకరి వెనక ఒకరు తిరిగారు. సద్దులు పంచేటప్పుడు మా అమ్మ తానే కేకులు చేతుల్లో పెట్టింది, మూత తియ్యకుండా వండించింది తానే అన్నట్టు. తాను కూడా ఒకటి తిని, మంచిగనే ఉంది గానీ జర ఉప్పు తక్కువైందని తీర్పు చెప్పింది. పసుపు ఉన్నచోట ఉప్పు ఉండాలని ఆమె లెక్క. పక్కింటామె మాత్రం రెండోది అడిగి తీసుకుంది. మూడోరోజు దసరా అయ్యాక బండెక్కుతూ ఆ పిల్ల వెనక్కి తిరిగి, "పోయొస్త మామా" అంది. టైర్లలో గాలి ఉందో లేదో చూస్తున్నట్టు కిందికి వంగాను.

ట్రే పైపూత లేచిపోయాక మా ఆవిడ కొత్తది కొనుక్కుంది, పాతది నా నట్లకు దక్కింది. లీకేజీకి ముక్కు ఆగింది, మీసం మొదలైంది. హారన్ ఇప్పుడు ఫోన్లో గుసగుసలాడుతుంది. హ్యాండ్ బ్రేకు పదో తరగతి, నా కంటే రెండంగుళాలు పొడుగు. నిన్న సాయంత్రం నేను మేడ మీదుండగా ఫోన్ చేసింది. పండక్కి అమ్మతో కలిసి వస్తున్నానని చెప్పి, "ఈసారి నీకు..." అని ఆగింది. నా నెత్తి మీద విమానం. కందుకూరులో కూర్చొని, ఫోన్లోంచి మా మోత విని, ఆ పిల్ల అక్కడ ఆగింది. నేనిక్కడ ఆగాను. చక్రాలు చూశాను, టైర్లు బాగానే ఉన్నాయి. మోత పోయాక, "...పేరు నేను పెడ్త" అంది.

ఏడేళ్ళు మా ఇంటి మీదుగా ఎంత మోతగా పోయాయో ఎవరం లెక్కపెట్టలేదు. పోయాక మాత్రం, ఎక్కడ ఆపామో అక్కడి నుంచే మాట్లాడుకుంటున్నాం.