మేస్త్రి పడుకుని చూసిన పడవ

నంద్యాల వడ్రంగి రాజరత్నం మేస్త్రి తాను చేసిన వస్తువులో ముందు తాను పడుకోనిదే దాన్ని ఎవరికీ ఇవ్వడు. మంచమైతే సరే. శవపెట్టె చేసినా అంతే. చేతులు కట్టుకుని, కళ్లు మూసుకుని పది నిమిషాలు పడుకుంటాడు. లేచి, "భుజం కాడ ఇరుకుంది" అని మళ్లీ చిత్రిక పడతాడు.

ఒకసారి పెట్టెలో నిద్ర పట్టేసింది. పెట్టె కోసం వచ్చిన చావింటి చుట్టాలు అందులో మనిషిని చూసి, అది వేరేవాళ్లది కాబోలనుకుని తిరిగి వెళ్లిపోతున్నారు. భార్య రూతు అరుగు మీది నుంచి, "మూత గూడ ఏసి పోండప్పా" అంది.

1956 జూన్‌లో మిషన్ ఆసుపత్రికి రైల్లో చిన్న అల్యూమినియం పడవ వచ్చింది. కుందూ ఏరు పొంగితే అవతలి పల్లెల గర్భిణులు ఆసుపత్రికి రాలేరని నర్సు లూదియా రెండేళ్లు అడగ్గా వచ్చిన పడవ. ఏటి దాకా లాక్కెళ్లడానికి జీపుకు తగిలించే పాత మిలిటరీ ట్రైలర్ ఉంది. పడవ పద్నాలుగు అడుగులు, ట్రైలర్ ఆరు. పడవ అడుగు గుండ్రం, ట్రైలర్ అడుగు బల్లపరుపు.

"వారంలో అమర్చల్ల మేస్త్రీ. అవతల సుబ్బలక్ష్మమ్మకు నెలలు నిండినాయి. పోయిన వానల్లో ఆయమ్మకు బిడ్డ దక్కలే" అంది లూదియా.

రాజరత్నం ట్రైలర్ వెనక తలుపు పీకేశాడు. జీపుకు తగిలించే ఇనుప దూలాన్ని బారెడు పొడిగించాడు. అంతవరకు బాగానే ఉంది. ఆపైన కొయ్య చట్రం బిగించి, దానికి నులక అల్లడం మొదలుపెట్టాడు.

"పడవకు మంచమేస్తాండావా?"

"మెత్తటి రేకు నర్సమ్మా. బల్ల మీద పెడితే సొట్టలు పడతాది. నులకైతే దాని ఒంటికి తగినట్టు కుంగుతాది."

పడవ నులకలో చక్కగా ఇమిడింది. రాజరత్నం చెప్పులు విప్పి, పడవెక్కి పడుకున్నాడు.

"పడవలో ఎవురూ పండుకోరు మేస్త్రీ. కూసుంటారు."

"శేషయ్యా, బండి తియ్యప్పా" అన్నాడు డ్రైవరుతో, లేవకుండానే.

శేషయ్య ఆళ్లగడ్డ దాకా తోలాడు. అక్కడ బజారులో జనం తళతళలాడే పడవను, అందులో కళ్లు మూసుకున్న మనిషిని చూసి తలపాగాలు తీశారు. "ఎవురో పుణ్యాత్ముడు. వెండి పెట్టెలో పోతాండాడు" అన్నాడో ముసలాయన. పుణ్యాత్ముడు లేచి కూర్చుని, "నడుము కాడ ఎత్తేస్తాంది" అన్నాడు. ముసలాయన తలపాగా వదిలేసి పరుగెత్తాడు. అది ఇప్పటికీ శేషయ్య దగ్గరే ఉంది.

మర్నాడు నులక బిగువు తగ్గించి మళ్లీ ఆళ్లగడ్డ. ఆ మర్నాడు ఎడమ పక్కకు తిరిగి పడుకుని. ఆపైన పొట్టకు బియ్యం మూట కట్టుకుని. నంద్యాలంతా నవ్వింది. లూదియా మబ్బుల వంక చూస్తోంది.

"నీ షికార్ల కోసం వాన ఆగతాదా?"

"ఎడం పక్క సుఖంగానే ఉంది నర్సమ్మా. పట్టుకునేకి ఏమీ లేదు" అని చేతికందే చోట తాడు పట్టీ కట్టాడు.

ఆదివారం కుందూ పొంగింది. పడవతో పాటు మేస్త్రి కూడా ఏటికి వచ్చాడు. లూదియా అవతలికి చేరేసరికి సుబ్బలక్ష్మమ్మకు నొప్పులు. బిడ్డ అడ్డం తిరిగింది. ఆమెను పడవలో పడుకోబెట్టి ఏరు దాటించారు. ఇవతల ఒడ్డున లూదియా ఆమెను జీపులోకి మార్చబోయింది.

"కదిలియ్యొద్దు" అన్నాడు రాజరత్నం. శేషయ్య ట్రైలర్‌ను నీళ్లలోకి వెనక్కి నడిపాడు. మనిషితో సహా పడవ నులక మీదికి తేలి వచ్చి కూర్చుంది.

సుబ్బలక్ష్మమ్మ నొప్పికి ఎడమ పక్కకు తిరిగింది. చెయ్యి చాపింది. పట్టీ దొరికింది. నంద్యాల దాకా గుంతల రోడ్డు. పడవ ఒక్కసారి కూడా ఎత్తెయ్యలేదు. ఆసుపత్రిలో తల్లీ బిడ్డా బతికారు.

"బియ్యం మూట ఎందుకో ముందే చెప్పొచ్చు గదా మేస్త్రీ?"

"నువ్వు అడగలే గద నర్సమ్మా. నొప్పులు పడే మనిషి నా కాడికొచ్చి, ఈడ గుచ్చుకుంటాందని చెప్తాదా? పెట్టెలో పోయేటోడు చెప్తాడా?"

వారం తర్వాత ఆ బిడ్డకు ఊయల తయారైంది. లూదియా వెళ్లేసరికి మేస్త్రి మోకాళ్లు గడ్డానికి ఆనించుకుని అందులో ఇరుక్కుని ఉన్నాడు.

"పొద్దన్నుంచీ ఇంతే. బయటికి లాగు నర్సమ్మా" అంది రూతు.

లూదియా లాగలేదు. తాడు పట్టుకుని మెల్లగా ఊపింది.

"ఎట్లుంది మేస్త్రీ?"

"మాట్లాడొద్దు. నిద్ర పడతాంది."