పెద్దమ్మ కాలు ఎందుకు విరిగింది

నాకు ఇరవై ఏళ్లున్న ఆ రోజుల్లో దేవుడి మనసులో ఏముందో నాకు పూర్తిగా తెలుసు. ఎవరికి జ్వరం వచ్చినా, ఎవరి గేదె చచ్చినా, దాని వెనక ఉన్న పాపమేదో ఇట్టే చెప్పేసేదాన్ని (నాకు పడిశం పడితే మాత్రం అది శోధన, అంటే దేవుడు నా భక్తికి పెట్టిన పరీక్ష). మేడ్చల్ దగ్గర మందుల కంపెనీలో ప్యాకింగ్ పని చేస్తూ, ఆదివారాలు మచ్చ బొల్లారంలోని మా చిన్న చర్చిలో పిల్లలకు సండే స్కూల్ చెప్పేదాన్ని. జీతం లేని ఆ టీచర్ హోదా నా తలకు బాగానే ఎక్కింది.

మా చర్చిలో శనివారం సాయంత్రం హాలు కడగడం ఆడవాళ్లకు వంతులవారీ పని. ఒక శనివారం నా వంతు వచ్చింది. మర్నాటి పాఠమేమో ఆస్తీ పిల్లలూ పోయి, ఒళ్లంతా కురుపులతో బూడిదలో కూర్చున్న భక్తుడిది. ఓదార్చడానికి వచ్చిన స్నేహితులే నువ్వేదో పాపం చేసుంటావని ఆయన ప్రాణం తోడేసే కథ. దాన్ని గొప్పగా చెప్పాలని చార్టు మీద ఆ కురుపులన్నిటికీ రంగులు వేస్తూ వంతు సంగతే మరిచిపోయాను. మర్నాడు హాలు తళతళలాడుతుంటే ఎవరు కడిగారని కూడా అడగలేదు. కష్టంలో ఉన్నవాళ్లను వేలెత్తి చూపకూడదని పిల్లలకు గట్టిగా బోధించి, చప్పట్లు కొట్టించుకుని దిగాను.

ఆ రోజే తెలిసింది, చర్చి వెనక సందులో ఒంటరిగా ఉండే పెద్దమ్మ (వరసకేమీ కాదు, అందరికీ పెద్దమ్మే) జారిపడి కాలు విరగ్గొట్టుకుందని. బుధవారం మా పాస్టరు అయ్యగారితో పాటు పదిమందిమి వెళ్లి ఆమె మంచం చుట్టూ కూర్చున్నాం. మా దగ్గర అందరూ ఒకేసారి గొంతెత్తి ప్రార్థన చేస్తారు. ఆ హోరులో పక్కవాళ్లు ఏమంటున్నారో ఎవరికీ వినపడదు. ఆ ధైర్యంతోనే నేను కళ్లు గట్టిగా మూసుకుని అసలు విషయానికి వచ్చాను. అయ్యగారు "ఆమేన్" అనడం, అందరూ ఆపేయడం నాకు తెలియనే లేదు. "ప్రభువా, ఈ తల్లి శామీర్‌పేట పెళ్లిలో కల్లు తాగినందుకే కదా నువ్వు కాలు విరగ్గొట్టావు! నీ తీర్పు న్యాయమైనది" అన్న నా గొంతు ఒక్కటే గదంతా మోగింది. కళ్లు తెరిచేసరికి అందరూ నన్నే చూస్తున్నారు. పెద్దమ్మ మాత్రం గోడవైపు తిరిగి పడుకుంది. ఆ రోజు అక్కడ ఎవరూ చాయ్ ముట్టలేదు.

బయటికి వచ్చాక అయ్యగారి భార్య నన్ను పక్కకు పిలిచింది. "శనివారం నీ వంతే గద బిడ్డా. నువ్వు రాకుంటే పెద్దమ్మ కడిగింది. గా సబ్బునీళ్లల్లనే జారింది. నీకు చెప్పొద్దని మాతోని ఒట్టేయించుకున్నది" అంది.

నా న్యాయం ప్రకారం విరగాల్సింది నా కాలు. రెండు రోజులు ఆ సందు వైపే వెళ్లలేదు. పెద్దమ్మ ఇక నా మొహం చూడదేమోనన్న భయంతోనే మూడో రోజు వెళ్లి, మంచం పట్టె పట్టుకుని ఏడ్చేశాను. తప్పు నాదేనని చెప్పాను. ఆమె మెల్లగా నావైపు తిరిగింది.

"మా ఇంటాయన సచ్చిపోయినప్పుడు సుత నా పాపమే అన్నరు బిడ్డా. గప్పుడు నమ్మిన. శానేండ్లు నమ్మిన. ఇగ నమ్మ. సబ్బునీళ్లల్ల కాలు జారింది, గంతే. దేవుడు నన్ను తొయ్యలే. పడ్డంక నా పక్కన కూసున్నడు. గది నాకెరుక."

"మరి నా పాపం?" అన్నాను ముక్కు చీదుకుంటూ.

"నీది మతిమరుపు. దానికి దేవుడెందుకు, శిక్ష నేనేస్త. నా కాలు బాగయ్యేదాంక నా వంతు సుత నువ్వే కడుగు."

మూడు నెలలు కడిగాను. కట్టు కాలుతోనే ఆమె గుమ్మం దగ్గర కుర్చీ వేయించుకుని, నేను వదిలేసిన మూలల్ని చేతికర్రతో చూపించేది.

ఆమె పోయి చాలా ఏళ్లయింది. ఇప్పుడు చర్చిలో నన్నే పెద్దమ్మ అంటున్నారు. మొన్న, బిడ్డను పోగొట్టుకున్న ఒక అమ్మాయి నా పక్కన కూర్చుని, "నాకే ఎందుకు పెద్దమ్మా?" అని అడిగింది. చేయి పట్టుకుని సాయంత్రం దాకా అక్కడే కూర్చున్నాను. ఇరవై ఏళ్ల నేనైతే ఒక్క నిమిషంలో జవాబు చెప్పేసేదాన్ని. అప్పటి ఆ టీచరు పిల్లను తలచుకుంటే సిగ్గూ వస్తుంది, నవ్వూ వస్తుంది. పాపం, ఆ మూడు నెలలూ హాలు మాత్రం శుభ్రంగానే కడిగింది.