అవే ఆరు అంకెలు

ఆ రోజుల్లో, అంటే నా చిన్నతనంలో, భయమెక్కువ. చదువులో నా చిన్నతనం నలభై రెండో ఏట వచ్చింది లెండి. (పలక కొనడం, దొంగతనంగా బలపం కొరకడం, రెండూ అప్పుడే.) గుంటూరు దగ్గర ఒక షెడ్డులో మిరపకాయల తొడిమలు తీసే పని మాది. కుప్ప చుట్టూ ఆరుగురం కూర్చునేవాళ్ళం. గాలి వాలున కూర్చున్న మనిషి ముక్కులోకే ఘాటంతా పోతుంది కాబట్టి, గంటకోసారి అందరం ఒక్కో చోటు పక్కకి జరిగేవాళ్ళం. మధ్యాహ్నం అన్నాలయ్యాక చర్చి టీచరమ్మ వచ్చి అరగంట చదువు చెప్పేవారు.

పెద్దవాళ్ళ పరీక్షకు పేర్లు పంపడానికి ఒక్కరోజే గడువుందనగా, ఆమె నా పలక మీద 142857 అని వేశారు. "దీన్ని రెండుతో, మూడుతో, నాలుగుతో హెచ్చవేసి రేపు తీసుకురా. వస్తేనే నీ పేరు పంపుతా" అన్నారు. ఇంటికెళ్ళి రెండుతో వేస్తే 285714. మూడుతో 428571. అవే అంకెలు! నాలుగుతో వేస్తే 571428, మళ్ళీ అవే. ఇంకోసారి చేసి చూసినా అంతే. నాతోపాటు పనికొచ్చే మా వదిన పలకలోకి తొంగిచూసి, "ఏందే, ఒకే లెక్క అటూ ఇటూ తిప్పి రాశావు? టీచరమ్మకి కళ్ళు లేవనుకున్నావా?" అంది. ఇంకేముంది, మూడో జవాబు తుడిచేసి, పైవాటితో ఏ చుట్టరికమూ లేకుండా 963012 అని అందంగా రాశాను.

మర్నాడు టీచరమ్మ చూసి, "మొదటి రెండూ కరెక్టు. మూడోది నోటికొచ్చింది రాశావేంటమ్మా? ఇట్లా అయితే పేరెట్లా పంపను?" అన్నారు. "వచ్చిందండీ! మళ్ళీ అవే అంకెలొస్తే కాపీ అనుకుంటారని చెరిపేశానండీ" అన్నాను. షెడ్డంతా గొల్లున నవ్వింది. "సరే, నా ముందు చెయ్యి" అన్నారామె. చేశాను. 571428. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. (నవ్వుకో, మిరప ఘాటుకో తెలియదు.) "ఆ సంఖ్య గుణమే అంతమ్మా" అన్నారు.

అప్పుడు పరీక్షగా చూశాను. ఒకటి పక్కన ఎప్పుడూ నాలుగే, నాలుగు పక్కన రెండే, చివరి ఏడు పక్కకి మళ్ళీ ఒకటే. "వదినా, ఇది మన కుప్పేనే! నా పక్కన ఎప్పుడూ నువ్వే, చోట్లే మారతన్నాయి!" అని అరిచాను. "అట్లాగా? మరి ఏడో మనిషొచ్చి కూర్చుంటేనో?" అంది వదిన. ఏడుతో వేశాను. 999999. "ఓరి నాయనో, అందరూ కవల పిల్లలైపోయారు!" అంది వదినే. టీచరమ్మ అక్కడే నా పేరు రాసుకున్నారు.

ఆ పరీక్ష పాసయ్యాను. ఇప్పుడు మనవరాలి ఫోను నొక్కితే జవాబొస్తుంది గానీ, నేను మాత్రం కాగితం మీదే వేసుకుంటాను. ఎవరూ చెప్పకుండానే ఆ ఆరు అంకెలూ వరస తప్పక లేచి జరుగుతుంటే ఇప్పటికీ నోరు తెరుచుకుని చూస్తాను. సరిగ్గా చేసి, సరిగ్గా వచ్చిందని భయపడి చెరుపుకున్న ఆ నలభై రెండేళ్ళ పిల్ల చెయ్యి పట్టుకుని ఆపాలనిపిస్తుంది. ఆపితే, టీచరమ్మ ముందు మళ్ళీ చేసే అదృష్టం దానికి ఉండేది కాదు గదా అని, పోనీలే చెరుపుకోనీ అనుకుంటాను.