ఒక్క వేలితో చూపించు

ప్రిసిల్లా దగ్గరికి నొప్పితో వెళ్ళిన వాళ్ళెవరైనా ముందు ఈ మాట వినాల్సిందే: "ఎక్కడో ఒక్క వేలితో చూపించు." మనిషి అరచెయ్యంతా పెట్టి రుద్దితే ఆమె కాస్త ఊపిరి పీల్చుకుంటుంది. అది చాలావరకు కండరం గొడవ. అదే సూది గుచ్చినంత మేర ఒక్కచోట వేలు ఆనిస్తే ఆమె మొహం మారిపోతుంది. అప్పుడు ఎముకను అనుమానించాలట. నా భుజం పట్టేసినప్పుడు నేను అరచెయ్యే పెట్టాను. జడ వేసుకోవడానికి చెయ్యి లేవక ఏడుస్తున్న నాతో "అదృష్టవంతులు టీచర్‌గారూ" అంది. అలాంటి మనిషి.

సీతాఫల్‌మండిలో మా వీధి చివర, మెట్ల పక్క గది ఆమె ఫిజియోథెరపీ క్లినిక్. రెండు మంచాలు, మధ్యలో పచ్చ తెర, ఓ మూల రబ్బరు పట్టీలు, ఇసుక సంచులు. పొద్దున పూట మాత్రం ఆమెను చూడాలంటే గ్రౌండుకు పోవాలి. పరుగుల పిల్లలు, ఫుట్‌బాల్ పిల్లలు, వాళ్ళ వెనక ఈవిడ. బూట్లు అరిగాయా, రాత్రి నిద్రపోయారా, పొద్దున ఏం తిన్నారు అని ప్రాణాలు తోడేస్తుంది. దెబ్బ తగిలాక బాగుచేయడం కంటే తగలకుండా ఆపడమే తన అసలు పని అంటుంది. ఆ పనికి ఎవరూ చప్పట్లు కొట్టరు. కొట్టడానికి ఏమీ జరగదు కదా.

ఆదివారాలు పోటీలుంటాయి కాబట్టి ఆరాధనకు ఆమె సగం నాగా. "ప్రిసిల్లాకు గ్రౌండే గుడి" అని మా సంఘంలో ఆడవాళ్ళు దెప్పేవాళ్ళు. వాళ్ళలో నేనూ ఉన్నాను. ఆమె క్లినిక్ గోడల గురించి కూడా ఆటపట్టించేదాన్ని. ఇలాంటి క్లినిక్కులు ఎక్కడ చూసినా గోడ నిండా కప్పులు పట్టుకున్న పిల్లల ఫొటోలే. ఈమె గోడకు వట్టి మేకులు. "బొమ్మల్లేని మేకులెందుకమ్మా?" అంటే "ఉండనీయండి, నాకు కావాలి" అనేది. మనిషికి కొంచెం తిక్క అనుకుని ఊరుకున్నాను.

ఇక షెకీనా సంగతి. వాళ్ళ నాన్న ఆషర్ స్కూలు వ్యాను నడుపుతాడు. తల్లి చిన్నప్పుడే పోతే పిల్లను నానమ్మ రోసమ్మ పెంచింది. రోసమ్మ తెనాలి వైపు నుంచి పెళ్ళై వచ్చింది. ఇన్నేళ్ళయినా ఆ యాస వదల్లేదు, ప్రార్థనా వదల్లేదు. పదహారేళ్ళ షెకీనా ఎనిమిది వందల మీటర్లు పరిగెత్తుతుంది. రాష్ట్ర పోటీలకు ఎంపికైనప్పుడు మా వీధంతా మిఠాయిలు పంచింది రోసమ్మే.

ఆ పిల్లకు ఎడమకాలి ముందరి ఎముక దగ్గర నొప్పి మొదలైతే రోసమ్మ ప్రతి శుక్రవారం ఉపవాసముండి ప్రార్థన చేసింది. ఆ రోజుల్లోనే పరీక్షలొచ్చాయి, షెకీనా పరుగు ఆపింది. నొప్పి పోయింది. ఓ ఆదివారం రోసమ్మ మనవరాల్ని చెయ్యి పట్టుకుని ముందుకు నడిపించుకొచ్చి సాక్ష్యం చెప్పించింది. "దేవుడు నా కాలు బాగుచేశాడు" అని పిల్ల మైకులో అనగానే అందరం చప్పట్లు కొట్టాం. పరీక్షల సెలవు సంగతి ఒక్కరికీ తట్టలేదు. ప్రిసిల్లా ఆ వారం కూడా ఏదో పోటీలో ఉంది.

కొన్నాళ్ళకు ఓ సాయంత్రం నేను క్లినిక్‌లో భుజానికి కాపడం పెట్టించుకుని పడుకున్నాను. తెర అవతల షెకీనా గొంతు వినిపించింది.

"ఏం లేదాంటీ, జెర పట్టేసింది. టేప్ వేయండి చాలు."

"ఎక్కడో ఒక్క వేలితో చూపించు."

మంచం కిర్రుమంది. తర్వాత ప్రిసిల్లా మెల్లగా "ఆ కాలి మీదే ఎగురమ్మా" అంది. నేల మీద ఒక చప్పుడు వినిపించింది. రెండోది వినిపించలేదు.

"రాత్రి పడుకున్నప్పుడు కూడా నొస్తుందా?"

"నొస్తది. గోలీ వేసుకుంటున్న."

"నెలనెలా వస్తోందా?"

"మూడు నెల్ల నుంచి రాలే. రేస్‌కి మంచిదే గదా అనుకున్న."

"తిండి?"

"తింటా. శుక్రవారం తప్ప. దేవుడు కాలు బాగుచేసిండని నానమ్మతోని కలిసి కృతజ్ఞత ఉపవాసం."

"శుక్రవారం పరుగు?"

"ఉంటది ఆంటీ. మీట్ దగ్గర పడ్డది గదా."

ప్రిసిల్లా గొంతు గట్టిపడింది. "ఎముకలో సన్నటి పగులుందని నా అనుమానం. స్కాన్ తీయించాలి. అందాక పరుగు బంద్. ఇట్లనే ఉరికితే ట్రాక్ మీదనే విరుగుతుంది. తిండికి మించి ఉరికితేనే నెలసరి ఆగుతుంది, ఎముకా బలహీనమైతది. కడుపు మాడ్చుకుంటే ఎముక ఎట్లా మానుతుంది బిడ్డా?"

అప్పుడేడ్చింది షెకీనా. "అందరి ముందట చెప్పిన గదాంటీ. ఇప్పుడు నొప్పి ఉందంటే దేవుడు బాగుచేయలేదని చెప్పినట్టే గదా? నానమ్మ తట్టుకోదు. ఆమెకు చెప్పొద్దు ప్లీజ్."

కాపడం సంచి కింద నాకు ఒళ్ళు మండిపోయింది. దేవుడి మీద కాదు, మా మీద. పదహారేళ్ళ పిల్ల నోట్లో మేమంతా కలిసి మాట పెట్టాం, ఇక ఆ మాటను కాపాడే భారం దాని కాలి మీద వేశాం.

"చెప్పకుండా ఉండలేను" అంది ప్రిసిల్లా. ఆ సాయంత్రమే వాళ్ళింటికి బయలుదేరింది. నేనూ వెంట వెళ్ళాను. రోసమ్మ చిక్కుళ్ళు ఒలుస్తోంది. ప్రిసిల్లా అంతా నెమ్మదిగా వివరించింది. రోసమ్మ చేతులు ఆగిపోయాయి.

"అది నా దేవుడు ముట్టిన కాలమ్మా" అంది. "నువ్వు చదువుకున్నదానివి, కాదనను. అయినా అనుమానం మాటలు ఈ ఇంట్లో మాట్లాడబాక."

ఆమె మాట పూర్తి కాకముందే షెకీనా నవ్వుతూ గది మధ్యలోకొచ్చింది. "చూడు నానమ్మా, ఏం లేదు!" అని ఎడమకాలి మీద ఎగిరింది. మళ్ళీ ఎగిరింది. ప్రిసిల్లా చెయ్యి చాచి "ఆగు" అని అరిచేసరికి ఇంకోసారి ఎగిరింది. రోసమ్మ ఆ కాలినే చూస్తూ "స్తోత్రం" అంది. నేను పిల్ల మొహం చూశాను. నవ్వు అలాగే ఉంది, పెదవి పైన చెమట పట్టింది.

"మంచిగనే ఉంది గదక్కా" అన్నాడు ఆషర్. కోచ్‌కు ఫోన్ చేస్తే ఆయనదీ అదే పాట: "పిల్లనే బాగుందంటుంది గదా మేడం. ఎంట్రీ సుత పంపినం."

తిరిగొస్తుంటే ప్రిసిల్లా నాకంటే ముందు నడిచింది. మా గుమ్మం దగ్గర ఆగి, "నొప్పి ఎక్కడుందో దొరికింది టీచర్‌గారూ, పిల్లే దొరకలేదు" అంది. ఆ గొంతులో అంత ఓటమి నేనెప్పుడూ వినలేదు.

పోటీలు ఆ వచ్చే గురువారం. అంతకుముందు ఆదివారం ప్రిసిల్లా ఆరాధనకు వచ్చింది. మా చర్చిలో అందరం చాపల మీద కూర్చుంటాం. వెనక వరసలో ముసలివాళ్ళకు కుర్చీలుంటాయి. పాస్టరు జ్ఞానశేఖర్ గారు "సాక్ష్యాలుంటే చెప్పండి" అనగానే ప్రిసిల్లా లేచి నిలబడింది. ఆమె సాక్ష్యం చెప్పగా నేనెన్నడూ చూడలేదు. రోసమ్మ మెడ బిగించుకుని కూర్చుంది, తన ఇంటి పరువు తీస్తుందేమోనని. షెకీనా తల వంచేసింది.

ప్రిసిల్లా వాళ్ళ పేరెత్తలేదు.

"నా దగ్గరికి ఒక బాబు వచ్చేవాడు" అంది. "ఫుట్‌బాల్ ఆడేవాడు. మోకాలికి ఆపరేషనయింది. నేనే నడిపించిన, నేనే ఉరికించిన. బాగయిందని అతని ఫొటో పెద్దగా చేయించి నా గోడకు పెట్టిన. వచ్చినవాళ్ళందరికీ చూపించి, ఈ చేతులతోనే బాగుచేసిన అని చెప్పుకున్న. కొన్నాళ్ళకు ఆ బాబుకు మళ్ళీ మోకాలు జారుడు మొదలైంది. ఎన్నోసార్లు నా దగ్గరికొచ్చిండు. ఆ ఫొటో కిందనే కూర్చున్నడు. మంచిగుందాంటీ అని చెప్పి పోయిండు. నాకు చెప్తే నా గోడ అబద్ధమైతదని అతని భయం. అట్లనే ఆడిండు. మళ్ళీ తెగింది. ఆట పోయింది." ఆమె తన రెండు చేతులూ చూసుకుంది. "ఆ రోజు ఫొటోలన్నీ తీసేసిన. మేకులు మాత్రం ఉంచుకున్న. అతను నాతో అబద్ధం చెప్పలేదు. నిజం చెప్పే చోటు నేనే లేకుండ చేసిన. దేవుడు నన్ను క్షమించిండనే నమ్ముతున్న. ఆ బాబును మాత్రం నేనింకా అడగలేదు."

ఎవరూ హల్లెలూయా అనలేదు. పాస్టరు గారు మైకు అందుకోబోయి ఆగిపోయారు. వెనక కుర్చీ కదిలిన చప్పుడైంది.

ముసలివాళ్ళ వరసలో ఒక కుర్రవాడు కూర్చుంటాడు. పేరు జెరెమియా. బోయిన్‌పల్లి కూరగాయల మార్కెట్‌లో పనిచేస్తాడు. మోకాలు మడవలేక కుర్చీలో కూర్చుంటాడని మాకందరికీ తెలుసు. ఎందుకు మడవలేడని మాత్రం ఎవరమూ అడగలేదు. అతను కుర్చీ పట్టుకుని లేచాడు.

"అది నేనే" అన్నాడు. "చలికాలమొస్తే ఇప్పటికి సుత నొస్తది ఆంటీ. మీరు పరేషానైతరని చెప్పలే."

ప్రిసిల్లా అందరి ముందూ చిన్నపిల్లలా ఏడ్చింది. జెరెమియా కుర్చీ పట్టుకునే నిలబడ్డాడు. ఆ ఏడుపు మధ్యలోంచి, ఆడవాళ్ళ వైపు నుంచి, షెకీనా గొంతు వినిపించింది. మైకు లేదు, అయినా అందరికీ వినబడింది.

"నాక్కూడా నొస్తది నానమ్మా."

 రోసమ్మ పిల్ల వైపు తిరగలేదు. ఆరాధన ముగిశాక అందరికంటే ముందు లేచి వెళ్ళిపోయింది. షెకీనా కుంటుతూ ఆమె వెనక వెళ్ళింది. ఇక దాచాల్సిన పని లేదు కాబట్టి కుంటింది.

సోమవారం ఆషర్ స్కాన్ తీయించాడు. పగులుంది. అది ఎముకలో సగం దాకా పోలేదు. పరిగెత్తి ఉంటే ట్రాక్ మీదే విరిగేదని డాక్టరు అన్నాడట. గురువారం పోటీలు షెకీనా లేకుండానే జరిగాయి. ఆ రోజు ఆ పిల్ల గోడ వైపు తిరిగి పడుకుందట. మళ్ళీ అదే వేగంతో ఉరుకుతుందా అంటే ప్రిసిల్లా మాటివ్వలేదు. "ముందు తిననివ్వండి, నడవనివ్వండి" అంది.

శుక్రవారం క్లినిక్‌కు రోసమ్మ కూడా వచ్చింది. సంచిలో ఉడికించిన గుడ్లు, అన్నం డబ్బా. ఉపవాసం ఆమె ఒక్కతే ఉంది. షెకీనాను మంచం మీద కూర్చోబెట్టి, ప్రిసిల్లా చెయ్యి వేయబోతుంటే రోసమ్మ అడ్డు వచ్చింది.

"ఉండమ్మా" అని నేల మీద చతికిలబడి, మనవరాలి కాలు ఒళ్ళోకి తీసుకుంది. "ఎక్కడే? చూపించు."

షెకీనా ఒక్క వేలు పెట్టింది. రోసమ్మ ఆ వేలి పక్కనే తన వేలు పెట్టింది, గట్టిగా ఆనించడానికి భయపడుతూ.

"ఇన్ని శుక్రవారాలు దేవుణ్ణి అడిగానే తల్లీ" అంది. "నిన్నొక్కసారీ అడగలేదే."