బ్యాండ్ చాచా వెబ్‌సైటు

ఆ రోజుల్లో మా బాన్సువాడలో కంప్యూటర్ నేర్చుకున్నవాళ్ళకు దవాఖాన డాక్టరుకున్నంత గౌరవం ఉండేది. నిజామాబాద్‌లో ఆరు నెలల కోర్సు చేసి వచ్చి, బస్టాండు ఎదురుగా ఇంటర్నెట్ సెంటర్లో పనికి కుదిరిన నాకు ఆ గౌరవం కాస్త ఎక్కువగానే తలకెక్కింది. నేర్చుకున్న దాంట్లో సగం అర్థం కాలేదు (మిగతా సగం అర్థమైందని అనుకునేదాన్ని). చిన్న వ్యాపారులు వెబ్‌సైటు పెట్టుకుంటే ఖర్చు చాలావరకు సర్కారు తిరిగి ఇస్తుందని పేపర్లో పడ్డప్పుడు, ఊళ్ళో ఆ వార్తను నా అంత శ్రద్ధగా చదివినవాళ్ళు లేరు. వడ్ల వ్యాపారి దగ్గరికి వెళ్ళాను, ఎరువుల దుకాణానికి వెళ్ళాను. "గా డబ్బల చూసి మా తాన ఎవలు కొంటరమ్మా?" అని నవ్వి, చాయ్ తాగించి పంపేశారు. చివరికి నా మాట నమ్మిన ఒకే ఒక్క మనిషి బ్యాండ్ చాచా.

చాచా పెళ్ళిళ్ళకు బ్యాండు వాయించే పన్నెండు మందికి పెద్ద. ఆయనది క్లారినెట్. కోటగిరి నుంచి మద్నూర్ దాకా ఆయన వాయించని బరాత్ లేదు (మద్నూర్ వైపైతే మరాఠీ పాటలు కూడా అందుకునేవాడు). "గిది పెడితే ఏమొస్తది బిడ్డా?" అని అడిగాడు. "దునియా మొత్తం మిమ్మల్ని చూస్తది చాచా" అన్నాను. "పాట గూడ ఇనబడ్తదా?" "మంచిగ ఇనబడ్తది" అని చెప్పేశాను, సైటులో పాట ఎలా ఎక్కిస్తారో నాకు తెలియకపోయినా. అంతే, ఆ ఏటి పెళ్ళిళ్ళకు కొత్త ఎర్రకోట్లు కుట్టించడానికి దాచిన డబ్బు తెచ్చి నా చేతిలో పెట్టాడు. సర్కారు డబ్బు రాగానే కోట్లు కుట్టించుకోవచ్చని నేనే భరోసా ఇచ్చాను. ఆ తర్వాతగానీ నాకు భయం పట్టుకోలేదు. జిల్లా నుంచి ఆఫీసరు వచ్చి, సైటు నడుస్తోందని కళ్ళారా చూసి సంతకం పెడితేనే డబ్బు వచ్చేది. పెట్టకపోతే పన్నెండు మంది మోచేతుల దగ్గర చిరిగిన కోట్లతోనే ఆ ఏడంతా పెళ్ళిళ్ళు నడిపించాలి.

నెల రోజులు కూర్చుని సైటు తయారు చేశాను. పసుప్పచ్చ నేల మీద ఎర్ర అక్షరాలు, నాలుగు మూలలా ఊగే గులాబీలు, మధ్యలో బ్యాండు ఫోటో (అంత అందమైన వస్తువు లోకంలో లేదని అప్పట్లో నా నమ్మకం). మా సెంటరుకు ఆఫీసరు వచ్చిన రోజు చాచా ఒక్కడే వస్తాడనుకుంటే, మిగతా పదకొండు మందికీ కోట్లు తొడిగించి వెంటబెట్టుకుని వచ్చాడు. "సార్ వస్తుండు గదా, ఇజ్జత్ ఉండాలె" అన్నాడు. వాళ్ళను బయట నీడలో నిలబెట్టి తాను లోపల కూర్చున్నాడు. ఫోను లైను కలుస్తూ మోడెం కీచుమంది. "గిదేంది, మా కొత్త పోరగాని క్లారినెట్ లెక్క కూస్తుంది" అన్నాడు చాచా. తర్వాత ఫోటో పైనుంచి కిందికి గీత గీతగా దిగసాగింది. ముందు తలపాగాలు, తర్వాత నుదుళ్ళు. మీసాల దాకా వచ్చేసరికి ఆఫీసరు చాయ్ తాగడం అయిపోయింది.

"పాట వినండి" అని రాసిన చోట నొక్కాను. ఏమీ రాలేదు. మళ్ళీ నొక్కాను. ఆఫీసరు గడియారం చూసుకున్నాడు. "పాట రాదామ్మా?" అన్నాడు. "వస్తుంది సార్, లైను కొంచెం..." అంటూ మౌసును బల్లకేసి రుద్దాను. చాచా నా ముఖం వంక ఒకసారి చూసి, చప్పుడు చేయకుండా లేచి బయటికి వెళ్ళాడు. నిమిషంలో క్లారినెట్ అందుకుంది. "అరె, శబ్దం బాగుందే!" అంటూ ఆఫీసరు కంప్యూటరు మీదికి వంగాడు. అంతలో పెద్ద డ్రమ్ము మోగింది, బల్ల మీద చాయ్ కప్పు ఎగిరిపడింది. ఆయన తిన్నగా వెళ్ళి తలుపు తెరిచాడు. బయట కళ్ళు మూసుకుని చాచా, ఆయన వెనక పదకొండు మంది, వాళ్ళ ముందు చిందులేస్తున్న ఇద్దరు ఆటోవాళ్ళు.

"తప్పు నాది సార్" అన్నాను. "పాట ఎక్కించడం నాకు రాలేదు. చాచాను ఏమనకండి."

ఆయన పాట పూర్తయ్యేదాకా గుమ్మంలోనే నిలబడి విన్నాడు. లోపలికి వచ్చి, "సైటు తెరుచుకుంది, ఫోటో వచ్చింది, ఫోన్ నంబరు ఉంది. ఫారంలో పాట సంగతి ఎక్కడా అడగలేదమ్మా" అని సంతకం పెట్టాడు. పెళ్ళిళ్ళు మొదలయ్యేలోగా కొత్త కోట్లు వచ్చాయి.

ఆ సైటు చూసి ఒక్క పెళ్ళివారు కూడా రాలేదు. ఏడాది దాటాక గడువు తీరి అది మాయమైంది. ఆ మాట చాచాకు చెప్పడానికి నోరు రాలేదు, ఎందుకంటే అప్పటికే ఆయన పెద్ద డ్రమ్ము చుట్టూ ఆ అడ్రసు పెయింటు చేయించుకున్నాడు. బరాత్ ఎదురైనప్పుడల్లా సందులోకి తప్పుకునేదాన్ని. ఎన్నో ఏళ్ళకు మా బావ కొడుకు పెళ్ళిలో ఎదురుపడి, ఇక దాచలేక, "చాచా, అది బందయి చానా ఏండ్లయింది" అన్నాను.

క్లారినెట్ తుడుస్తున్న చాచా తలెత్తి నవ్వాడు. "నాకెరుకనే బిడ్డా. మా చిన్నోడు ఎప్పుడో చూసి చెప్పిండు. గా సంగతి నీకు తెలిస్తే ఫికర్ జేస్తవని నేనే అనలె."

లోకానికి చాచాను చూపించాలని బయలుదేరిన ఆ పిల్ల గుర్తొచ్చి నాకూ నవ్వొచ్చింది. ఇన్నేళ్ళూ పాపం ఎన్ని సందులు తిరిగిందో!